సినాప్టోఫైసిన్ బ్యాండ్ రావడం లేదా? మన ఎండల్లో, మన ల్యాబుల్లో వెస్టర్న్ బ్లాట్ చేసే పద్ధతి

"అక్కా, బ్యాండ్ రాలేదు. యాంటీబాడీ పాడైపోయినట్టుంది." అనంతపురం, కడప, కర్నూలు ల్యాబుల్లో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ మాటతోనే మొదలవుతాయి. ఫ్లోరైడ్ నీళ్ళు, పురుగుమందులు ఎలుక మెదడును ఏం చేస్తాయో చూసే పని మన వైపు ఎక్కువ. ఆ పనిలో ఏదో ఒక రోజు సినాప్స్‌లు (నరకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లు) తగ్గాయా లేదా అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు అందరూ వెస్టర్న్ బ్లాట్ చేస్తారు, అంటే ప్రోటీన్లను జెల్ మీద సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ మీదికి దించి, కావలసిన ప్రోటీన్‌ను యాంటీబాడీతో ఒక గీతలా (బ్యాండ్) చూడటం. అందుకోసం సినాప్స్‌ల గుర్తు అయిన సినాప్టోఫైసిన్ ప్రోటీన్‌కు యాంటీబాడీ తెప్పిస్తారు. ఫెలోషిప్ డబ్బులో పెద్ద ముక్క పెట్టి కొన్న వంద మైక్రోలీటర్ల సీసా అది. మొదటి బ్లాట్ ఖాళీగా వస్తే ఎంత టెన్షన్ పడతారో నాకు తెలుసు, నేనూ పడ్డాను.

నేను చూసినంతలో తప్పు చాలాసార్లు సీసాలో ఉండదు. శాంపిల్ తీసిన తీరులోనో, గది వేడిలోనో, పక్కన పెట్టుకున్న కంట్రోల్‌లోనో ఉంటుంది. అందుకే ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

తెలియాల్సిన సిద్ధాంతం కొంచెమే. సినాప్టోఫైసిన్ సినాప్టిక్ వెసికిల్ (నరాల చివర రసాయనాలు నిల్వ ఉండే చిన్న బుడగ) పొరలో కూర్చుని ఉండే ప్రోటీన్. పొరను నాలుగుసార్లు దాటుతుంది, రెండు చివరలూ సైటోప్లాజం వైపే ఉంటాయి. 1985లో రెండు బృందాలు దీన్ని విడివిడిగా వర్ణించాయి. ఒక బృందం పెట్టిన పేరు పీ38. జెల్ మీద 38 కిలోడాల్టన్ల దగ్గర కనబడింది కాబట్టి ఆ పేరు. అమైనో ఆమ్లాల లెక్కన బరువు 34 దగ్గరే రావాలి, చక్కెర గొలుసు తగులుకుని ఉండటం వల్ల పైకి కనబడుతుంది. "34 అని డేటాబేస్‌లో ఉంది, నాకు 38 వచ్చింది, తప్పా?" అని అడిగేవాళ్ళకు జవాబు ఇదే: తప్పు కాదు, అక్కడే రావాలి.

కొనే ముందు డేటాషీట్‌లో ఏం చూడాలి

మొదట, వెస్టర్న్ బ్లాట్‌కు పరీక్షించిందేనా? కణజాలం సెక్షన్ల మీద బాగా పనిచేసే యాంటీబాడీ బ్లాట్ మీద పనిచేయాలని లేదు. పెథాలజీ విభాగంలో న్యూరోఎండోక్రైన్ గడ్డలు గుర్తించడానికి ఇదే ప్రోటీన్‌కు యాంటీబాడీ వాడతారు. అక్కడ మిగిలింది అడిగి తెచ్చుకునేవాళ్ళున్నారు. అది ముందే పలచన చేసిన సీసా అయితే మనకు ఉపయోగం తక్కువ.

రెండోది, ఏ జంతువులో తయారైంది? మీ శాంపిల్ చిట్టెలుకది అయితే చిట్టెలుకలో తయారైన యాంటీబాడీ కొనకండి. సెకండరీ (మీ యాంటీబాడీని పట్టుకుని చూపించే రెండో యాంటీబాడీ) మీ కణజాలంలోని రక్తపు యాంటీబాడీని, అంటే ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను కూడా పట్టుకుని 50 దగ్గర, 25 దగ్గర అదనపు బ్యాండ్లు చూపిస్తుంది. చిట్టెలుక శాంపిల్‌కు కుందేలు యాంటీబాడీ మేలు. ర్యాట్ శాంపిల్ అయితే ఎస్‌వై38, ఎస్‌వీపీ-38 లాంటి పాత చిట్టెలుక క్లోన్లు వాడవచ్చు. సెకండరీ మాత్రం ర్యాట్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను పట్టకుండా శుద్ధి చేసినదై ఉండాలి.

మూడోది, నాకౌట్ జంతువులో పరీక్షించారా? సినాప్టోఫైసిన్ జన్యువు తీసేసిన ఎలుకలు బతుకుతాయి, పిల్లల్ని కంటాయి. కాబట్టి ఆ పరీక్ష చేయడం సాధ్యమే. ఆ బొమ్మ డేటాషీట్‌లో ఉంటే కొంత ఎక్కువ ధర అయినా అదే తీసుకోండి. ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను.

కావలసినవి

- సినాప్టోఫైసిన్ ప్రైమరీ యాంటీబాడీ, దానికి సరిపోయే, హెచ్‌ఆర్‌పీ (వెలుగు పుట్టించే ఎంజైమ్) తగిలించిన సెకండరీ
- మెదడు శాంపిల్ (కార్టెక్స్ లేదా హిప్పోకాంపస్), అదే జంతువు లివర్ ముక్క (సినాప్టోఫైసిన్ లేని కంట్రోల్). సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి కాగితంలో లివర్ కూడా రాయించుకోండి
- రిపా బఫర్ (పొరలను కరిగించే డిటర్జెంట్ ద్రావణం): 50 మిల్లీమోలార్ ట్రిస్, 150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 1 శాతం ట్రైటాన్ ఎక్స్-100, 0.5 శాతం సోడియం డీఆక్సీకోలేట్, 0.1 శాతం ఎస్‌డీఎస్
- ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్ (ట్యాబ్లెట్ లేదా పీఎంఎస్ఎఫ్)
- బీసీఏ కిట్ (ప్రోటీన్ ఎంతుందో కొలిచేది). బ్రాడ్‌ఫోర్డ్ వద్దు, రిపాలోని డిటర్జెంట్‌తో అది తప్పు లెక్క ఇస్తుంది
- 12 శాతం జెల్ సరంజామా, రంగు మార్కర్
- పీవీడీఎఫ్ లేదా నైట్రోసెల్యులోజ్ మెంబ్రేన్, మెథనాల్
- పాన్సో ఎస్ (మెంబ్రేన్ మీది ప్రోటీన్లను చూపే ఎర్ర రంగు)
- టీబీఎస్‌టీ, అంటే 0.1 శాతం ట్వీన్-20 కలిపిన ట్రిస్ సెలైన్
- కొవ్వు తీసిన పాలపొడి, బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్)
- ఈసీఎల్ ద్రావణం (హెచ్‌ఆర్‌పీ తగిలితే వెలుగు ఇచ్చేది)
- డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్ళు కడగడానికి కూడా వద్దు, మన నీళ్ళలో ఉప్పులు మరీ ఎక్కువ
- ఐస్. మీరు అనుకున్నదానికి రెట్టింపు

పాలపొడి గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. నా మొదటి బ్లాట్‌కు ల్యాబులో పాలపొడి అయిపోతే వీధి చివర కిరాణా కొట్టుకు పోయి టీకి వాడే పాలపొడి తెచ్చాను. మెంబ్రేన్ అంచు నుంచి అంచు దాకా నల్లగా వచ్చింది. ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివితే చక్కెర, పాలకొవ్వు అని ఉంది. ఐదు శాతం కలిపానని నేననుకున్నాను కానీ అందులో ప్రోటీన్ సగమే. కొవ్వు తీసిన పాలపొడి అని రాసి ఉన్నదే కొనండి, వెనక పదార్థాల జాబితాలో పాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

సీసా చేతికొచ్చిన రోజు

మన సీసాలు ఎక్కువగా బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో థర్మోకోల్ పెట్టెలో వస్తాయి. శుక్రవారం బయలుదేరేలా ఆర్డర్ పెట్టకండి. ఆదివారమంతా కొరియర్ గోడౌన్‌లో రేకుల కింద ఉంటుంది. సోమవారం పంపమని అడగండి, వచ్చే రోజు మీరే ఫోన్ చేసి తెచ్చుకోండి.

పెట్టె విప్పేసరికి ఐస్ ప్యాక్ నీళ్ళైపోయి ఉంటే గుండె జారిపోతుంది. కానీ వెంటనే పడేయకండి. యాంటీబాడీలు మనమనుకునే దానికన్నా గట్టివి, ఒకటి రెండు రోజుల వేడికి చాలావరకు చావవు. పెట్టె ఫోటో తీసి సరఫరాదారుకు పంపి, తర్వాత కంట్రోల్ శాంపిల్ మీద పరీక్షించి అప్పుడు తేల్చండి.

సీసాను ఒక్క క్షణం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, మూతకు అంటుకున్న చుక్క కూడా డబ్బే. పదేసి మైక్రోలీటర్లుగా పంచి మైనస్ 20లో పెట్టండి. అంతకన్నా తక్కువ పంచితే ట్యూబు గోడకే చాలా భాగం అంటుకుపోతుంది. ఇంట్లో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్‌లో పెట్టకండి, మంచు కరిగించడానికి అది తనంతట తానే వేడెక్కుతూ ఉంటుంది. సగం గ్లిజరాల్ ఉన్న సీసా మైనస్ 20లో గడ్డకట్టదు. గడ్డకట్టలేదు కదా పాడైందేమో అని భయపడి ఫోన్ చేసినవాళ్ళున్నారు, అది మంచిదే.

కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తీయకండి. ఖాళీ అరల్లో నీళ్ళ సీసాలు గడ్డకట్టించి ఉంచుకుంటే చలి చాలాసేపు నిలబడుతుంది.

చేసే విధానం

1. శాంపిల్ తీయడం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే నిదానంగా చదవండి.

మన ల్యాబుల్లో ఎంజైమ్ పరీక్షలు చేయడం అలవాటు. సుక్రోజ్‌లోనో ఫాస్ఫేట్ బఫర్‌లోనో మెదడు రుబ్బి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, పైన తేరిన ద్రవం తీసుకుని, కింద ముద్ద పారేస్తాం. అదే ద్రవం మిగిలితే బ్లాట్‌కు కూడా వాడేస్తాం. సినాప్టోఫైసిన్ పొరలో ఉండే ప్రోటీన్. డిటర్జెంట్ లేకుండా రుబ్బితే అది నరాల చివళ్ళతో పాటు ఆ ముద్దలోనే ఉండిపోతుంది. మీరు చెత్తబుట్టలో వేసింది మీ ఫలితాన్నే. కడప నుంచి ఒక అమ్మాయి ఐదు బ్లాట్లు ఖాళీగా వచ్చాక ఫోన్ చేసింది. "ముద్ద ఏం చేశావమ్మా" అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. అదృష్టం కొద్దీ కొన్ని ట్యూబుల్లో ముద్ద ఇంకా ఫ్రీజర్‌లో ఉంది. దాన్ని రిపాలో కరిగించి నడిపితే ఆరో బ్లాట్‌లో బ్యాండ్ దిట్టంగా వచ్చింది.

కాబట్టి: 50 మిల్లీగ్రాముల కణజాలానికి 500 మైక్రోలీటర్ల చల్లటి రిపా. పీఎంఎస్ఎఫ్ వాడితే రుబ్బే ముందు మాత్రమే కలపండి, నీళ్ళలో పడ్డాక అది గంటల్లోనే చచ్చిపోతుంది, వేడిలో ఇంకా తొందరగా. అది విషం కూడా, గ్లవుజులు లేకుండా ముట్టకండి. ఐస్‌లో పెట్టి ఇరవై ముప్పై సార్లు రుబ్బండి, అరగంట ఐస్‌లోనే ఉంచండి, 12,000 జీ వద్ద 15 నిమిషాలు 4 డిగ్రీల్లో తిప్పండి. జీ అంటే ఆర్‌పీఎం కాదు, మీ రోటార్ పట్టిక చూసి మార్చుకోండి. పైద్రవం తీసుకోండి. కింది ముద్దను ఈసారి కూడా పారేయకండి, బ్యాండ్ కనబడేదాకా దాచండి.

నేర్చుకునేవాళ్ళకు ఒక ప్రత్యామ్నాయం. విలువైన ఎలుక శాంపిల్ మీద చేయి తిప్పుకోకండి. పొద్దున్నే మటన్ కొట్టులో అప్పుడే కోసిన మేక మెదడు అడిగి, స్టీల్ క్యారియర్‌లో ఐస్ మీద పెట్టి తెచ్చుకోండి. రుబ్బడం, బీసీఏ, జెల్, ట్రాన్స్‌ఫర్, పాన్సో దాకా అన్నీ దాని మీద సాధన చేయవచ్చు. మీ యాంటీబాడీ మేక ప్రోటీన్‌ను పడుతుందో లేదో డేటాషీట్‌లో లేకపోతే, బ్యాండ్ రాకపోయినా దిగులు పడకండి.

2. ప్రోటీన్ కొలవడం. బీసీఏ చేయండి. స్టాండర్డ్‌ను కూడా అదే రిపాలో కలపండి. ఇంతే.

3. శాంపిల్ వేడి చేయడం. అందరూ అలవాటుగా 95 డిగ్రీల్లో ఐదు నిమిషాలు మరిగిస్తారు. పొరను చాలాసార్లు దాటే ప్రోటీన్లు మరిగిస్తే ఒకదానికొకటి అంటుకుని జెల్ పైనే ఆగిపోయే ప్రమాదం ఉంది. వెసికిల్‌లోకి గ్లుటమేట్ నింపే వీగ్లూట్ లాంటి ట్రాన్స్‌పోర్టర్ల విషయంలో ఇది బాగా తెలిసిన సమస్య. సినాప్టోఫైసిన్ సాధారణంగా ఓర్చుకుంటుంది, కానీ మీ శాంపిల్‌తో ఒకసారి తేల్చుకోండి: ఒక ట్యూబు 95లో ఐదు నిమిషాలు, ఇంకొకటి 50లో పావుగంట. పక్కపక్క లేన్లలో నడపండి. మరిగించిన లేన్‌లో బావి అంచున మరక, 38 దగ్గర బలహీనమైన బ్యాండ్ కనబడితే ఇక మరిగించకండి.

4. జెల్. 12 శాతం. ఏప్రిల్, మే నెలల్లో జెల్ పోస్తుండగానే బీకరులో గట్టిపడిపోతుంది. టెమెడ్ (జెల్‌ను గట్టిపడేలా చేసేది) వేయకముందు మిశ్రమాన్ని పది నిమిషాలు ఐస్‌లో పెట్టండి. అక్రిలమైడ్ ద్రవం నరాలకు విషం, చేతుల మీద పడనివ్వకండి.

లేన్‌కు 10 మైక్రోగ్రాములు చాలు. సినాప్టోఫైసిన్ మెదడులో దండిగా ఉండే ప్రోటీన్. "బ్యాండ్ రాలేదు, 60 వేశాను" అనేవాళ్ళకు నేను చెప్పేది, తగ్గించి చూడండి. ప్రతి జెల్‌లో తప్పకుండా ఉండాల్సిన లేన్లు: మార్కర్, మామూలు జంతువు మెదడు, అదే జంతువు లివర్ (అంతే మైక్రోగ్రాములు), ఆ తర్వాత మీ శాంపిళ్ళు.

స్టాకింగ్ దాటేదాకా 80 వోల్టులు, తర్వాత 120. రన్నింగ్ బఫర్ పీహెచ్‌ను ఆసిడ్ వేసి సరిచేయకండి. ట్రిస్, గ్లైసీన్ సరిగ్గా తూచి వేస్తే దానంతట అదే సరైన చోట ఉంటుంది. ఆసిడ్ పోస్తే క్లోరైడ్ పెరిగి బఫర్ కుతకుతలాడుతుంది.

5. ట్రాన్స్‌ఫర్. పీవీడీఎఫ్ అయితే ముందు మెథనాల్‌లో అర నిమిషం ముంచండి. పొడిగా ఉన్న పీవీడీఎఫ్ నీటిని పీల్చదు, తెల్లగా ఉన్న చోట ప్రోటీన్ దిగదు. 20 శాతం మెథనాల్ ఉన్న చల్లటి ట్రాన్స్‌ఫర్ బఫర్, 100 వోల్టులు, గంట. మన వేసవిలో ట్యాంకులో పెట్టిన ఐస్ ప్యాక్ అరగంటలో కరిగిపోతుంది. రెండోది సిద్ధంగా ఉంచుకుని మధ్యలో మార్చండి, ట్యాంకు మొత్తాన్ని ఐస్ తొట్టెలో కూర్చోబెట్టండి.

మధ్యలో కరెంటు పోతే ఎంతసేపు నడిచిందో రాసుకుని, వచ్చాక మిగిలిన సమయం నడపండి. ట్రాన్స్‌ఫర్‌కు పది పదిహేను నిమిషాల కోత పెద్ద నష్టం చేయదు. జెల్ నడుస్తుండగా గంట పోతే మాత్రం బ్యాండ్లు పాకిపోతాయి, ఆ జెల్‌ను నమ్మకండి.

6. పాన్సో. దీన్ని వదిలేసేవాళ్ళను చూస్తే నాకు బాధ. ఐదు నిమిషాల పని. ఎర్రటి ద్రవంలో మెంబ్రేన్ వేసి తీసి డిస్టిల్డ్ వాటర్‌తో ఒక్కసారి కడిగితే లేన్లన్నీ లేత గులాబీ నిచ్చెనల్లా తేలతాయి. గాలిబుడగ ఉన్న చోట తెల్లటి గుండ్రటి మచ్చ, అర్ధరూపాయి బిళ్ళంత. అది సరిగ్గా 38 మీద పడితే ఆ లేన్‌ను లెక్కలోకి తీసుకోకండి. లేన్లన్నీ ఒకేలా ఉన్నాయా? ఫోటో తీయండి. ఈ ఫోటో తర్వాత మీకు చాలా అవసరం పడుతుంది, ఎందుకో కింద చెప్తాను.

7. బ్లాకింగ్, అంటే మెంబ్రేన్ ఖాళీ చోట్ల యాంటీబాడీ అంటుకోకుండా ప్రోటీన్‌తో కప్పడం. 5 శాతం పాలు టీబీఎస్‌టీలో, గంట. ప్రోటోకాల్‌లో గది ఉష్ణోగ్రత అని రాసి ఉంటుంది. ఆ గది 20 నుంచి 25 డిగ్రీల గది. మే నెలలో మన గది 36, 38. పాలు పులుస్తాయి, యాంటీబాడీ అక్కడక్కడా అంటుకుంటుంది, మెంబ్రేన్ మచ్చలుగా వస్తుంది. ఏసీ గది లేకపోతే ట్రేను చల్లటి నీళ్ళున్న పెద్ద బేసిన్‌లో తేల్చి, థర్మామీటర్ పెట్టి చూసుకోండి.

ఇదే వేడికి ఇంకో మెలిక ఉంది. ట్రిస్ పీహెచ్ వేడితో మారుతుంది, డిగ్రీకి దాదాపు 0.028. 38 డిగ్రీల గదిలో 7.6కు సరిచేసిన బఫర్ 25 డిగ్రీలకు వచ్చేసరికి 8 దగ్గర, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో 8.5 దగ్గర ఉంటుంది. జెల్ బఫర్లు 8.8, 6.8 చేసేటప్పుడు ద్రావణాన్ని 25కు చల్లార్చి అప్పుడు మీటర్ ముంచండి. చలికాలంలో బాగా నడిచిన జెల్ ఎండాకాలంలో ఎందుకు వంకరపోతోందని తల పట్టుకునేవాళ్ళలో కొందరి సమస్య ఇదే.

8. ప్రైమరీ. డేటాషీట్‌లో చెప్పిన పలచనతో మొదలుపెట్టండి. మొదటిసారి ఒకే మెంబ్రేన్‌ను మూడు పట్టీలుగా కోసి, ప్రతి పట్టీలో మెదడు, లివర్ లేన్లు ఉండేలా చూసి, 1:1000, 1:5000, 1:10,000 మూడూ చూడండి. 10 మిల్లీలీటర్లలో 1:5000 అంటే 2 మైక్రోలీటర్లు. మంచి యాంటీబాడీ అయితే 1:5000కు మించి పలచన చేసినా పలుకుతుంది, సీసా అన్ని రెట్లు ఎక్కువ కాలం వస్తుంది.

ట్రేకు 10 మిల్లీలీటర్లు పోసే స్తోమత లేకపోతే మెంబ్రేన్‌ను మందపాటి ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూడు పక్కలా వేడి సీలరుతో అతికి, 2–3 మిల్లీలీటర్లు పోసి, బుడగలు పిండి, నాలుగో పక్క అతికేయండి. చిరుతిళ్ళు ప్యాక్ చేసే చిన్న సీలరు చాలు. రాత్రంతా 4 డిగ్రీల్లో. ఫ్రిజ్‌లో షేకర్ పట్టకపోతే కవరును అడ్డంగా పరిచి, పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి తిప్పండి.

వేసవిలో రాత్రి కరెంటు కోతలుంటే పాలకు బదులు 3 శాతం బీఎస్ఏలో కలపండి. వాడిన ప్రైమరీని మళ్ళీ వాడాలంటే 0.02 శాతం సోడియం అజైడ్ వేసి 4 డిగ్రీల్లో ఉంచవచ్చు. హెచ్చరిక: అజైడ్ హెచ్‌ఆర్‌పీని చంపేస్తుంది. సెకండరీలో ఒక్క చుక్క కూడా పడకూడదు, ప్రైమరీ తర్వాత కడగడం సరిగ్గా జరగాలి.

9. కడగడం, సెకండరీ. టీబీఎస్‌టీతో పదేసి నిమిషాలు మూడుసార్లు. సెకండరీ 1:5000 నుంచి 1:10,000, గంట. మళ్ళీ మూడుసార్లు కడగండి. ఆకలేస్తోందని మూడోసారి వదిలేయకండి, అక్కడ మిగిల్చిన పది నిమిషాలకు సాయంత్రం మొత్తం పోతుంది.

10. చూడటం. ఈసీఎల్ వేసి ఒకటి రెండు నిమిషాల్లో ఫోటో. వేడి గదిలో చర్య తొందరగా అయిపోతుంది, ఈసీఎల్ సీసాను వాడే ముందే ఫ్రిజ్ నుంచి తీయండి, గంట ముందు కాదు. 5 సెకన్లు, 15, 30, నిమిషం, ఐదు నిమిషాలు, ఇలా వరుసగా తీసుకోండి. ఇమేజర్ లేకపోతే డార్క్ రూములో ఎక్స్-రే ఫిల్మ్, అదీ లేకపోతే డీఏబీ రంగు. డీఏబీతో బ్యాండ్ కళ్ళకే కనబడుతుంది కానీ కొలతకు పనికిరాదు, క్యాన్సర్ కారకమని అనుమానం ఉన్నది కాబట్టి గ్లవుజులు, మాస్కు తప్పనిసరి.

లోడింగ్ కంట్రోల్: అందరూ పడే గుంట

లోడింగ్ కంట్రోల్ అంటే ప్రతి లేన్‌లో ప్రోటీన్ సమానంగా పడిందో లేదో చూపే ఇంకో ప్రోటీన్. బీటా-ఆక్టిన్ 42. జీఏపీడీహెచ్ 36–37. సినాప్టోఫైసిన్ 38. మూడూ ఒకే మెట్టు మీద కూర్చున్నాయి. ల్యాబులో ఆక్టిన్ యాంటీబాడీ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అదే వాడతారు, రెండు బ్యాండ్లు కలిసిపోతాయి. కర్నూలు నుంచి ఒక తమ్ముడు ఫిల్మ్ పట్టుకుని బస్సెక్కి వచ్చాడు. "సినాప్టోఫైసిన్ అన్ని గ్రూపుల్లో సమానంగా ఉందక్కా, మందు పనిచేయలేదు" అన్నాడు. ముందు ఆక్టిన్ వేసి, సరిగ్గా స్ట్రిప్ చేయకుండా (పాత యాంటీబాడీని తీసేయకుండా) దాని మీదే సినాప్టోఫైసిన్ వేశాడు. అతను కొలిచింది పాత ఆక్టిన్‌ను. మూడు నెలల పని అది.

బీటా-ట్యూబులిన్ వాడండి, 50–55 దగ్గర వస్తుంది. విన్‌క్యులిన్ అయితే 117 దగ్గర, ఇంకా దూరం. ప్రైమరీలు రెండూ వేర్వేరు జంతువులవైతే మంచిది. వీటన్నిటికన్నా నాకు నచ్చేది పాన్సో ఫోటోనే. లేన్ మొత్తం ప్రోటీన్‌తో పోల్చడం నమ్మదగిన పద్ధతి, పైసా ఖర్చు లేదు.

వచ్చిన బ్యాండ్ నిజమైనదేనా?

38 దగ్గర బ్యాండ్ వచ్చిందని సంబరపడి థీసిస్‌లో అతికించకండి. మొదట లివర్ లేన్ చూడండి. అక్కడ 38 దగ్గర ఖాళీగా ఉండాలి. లివర్‌లోనూ అదే ఎత్తున అంతే బ్యాండ్ ఉంటే మీరు చూస్తున్నది సినాప్టోఫైసిన్ కాదు.

తర్వాత ప్రైమరీ లేకుండా సెకండరీ మాత్రమే వేసిన పట్టీ. అందులో ఏం కనబడినా అది సెకండరీ చేసిన గొడవ.

అనుమానం తీరకపోతే పీఎన్‌గేజ్ ఎఫ్ అనే ఎంజైమ్‌తో చక్కెర గొలుసు కోసి నడపండి. నిజమైన సినాప్టోఫైసిన్ 38 నుంచి 34 వైపు దిగుతుంది. వేరే ప్రోటీన్ అయితే సరిగ్గా ఇలాగే దిగే అవకాశం తక్కువ.

కొలతలు తీసే ముందు ఒకే మెదడు శాంపిల్‌ను 2.5, 5, 10, 20 మైక్రోగ్రాములుగా వేయండి. రెట్టింపు వేస్తే సిగ్నల్ దాదాపు రెట్టింపు కావాలి. 10కి 20కి తేడా లేకపోతే మీరు 10 దగ్గరే నిండిపోయారు. ఆ స్థితిలో సగానికి తగ్గిన ప్రోటీన్ కూడా తగ్గనట్టే కనబడుతుంది. ఎలుకల్లో నిజంగా జరిగిన నష్టం మీ బ్లాట్‌లో కనబడకుండా పోతుంది.

ఏది కనబడితే ఏం చేయాలి

అంతా ఖాళీ, పాన్సో బాగుంది: రిపాలో కరిగించారా, ముద్ద పారేశారా? అదే అయితే ఒకటో మెట్టుకు పోండి. తర్వాత సెకండరీ సరైన జంతువుకేనా చూడండి, కుందేలు ప్రైమరీ మీద చిట్టెలుక యాంటీబాడీని పట్టే సెకండరీ వేసినవాళ్ళు మీరొక్కరే కాదు. అజైడ్ కలిసిందా? చీకట్లో సెకండరీ ఒక మైక్రోలీటర్ ఈసీఎల్‌లో వేయండి, వెలుగు వస్తే హెచ్‌ఆర్‌పీ, ఈసీఎల్ రెండూ బతికే ఉన్నాయి.

బ్యాండ్ మధ్యలో తెల్లగా, చుట్టూ నల్లగా: బ్యాండ్ రాలేదని కాదు, మరీ ఎక్కువ వచ్చింది. అక్కడ హెచ్‌ఆర్‌పీ గుమిగూడి ఈసీఎల్ అంతా క్షణంలో తినేసింది. ప్రోటీన్ సగం చేయండి, సెకండరీ ఇంకా పలచన చేయండి. ఈ ప్రోటీన్‌తో ఇది చాలా తరచుగా జరుగుతుంది.

76 దగ్గర ఇంకో బ్యాండ్: రెండు అణువులు అంటుకుని ఉండవచ్చు. శాంపిల్ బఫర్‌లోని మెర్కాప్టోఇథనాల్ (ప్రోటీన్ల మధ్య గంధకపు బంధాలు తెంచేది) పాతబడిందేమో చూసి కొత్తది వేయండి, మరిగించకుండా నడిపి చూడండి.

38 కింద చిన్న చిన్న బ్యాండ్లు: శాంపిల్ విరిగిపోయింది. ఎలుకను కోసినప్పటి నుంచి ఐస్‌లో పెట్టేదాకా ఎంతసేపు పట్టిందో గుర్తు చేసుకోండి. ఏప్రిల్ మధ్యాహ్నం బల్ల మీద ఆరు ఎలుకలు వరుసగా కోస్తే ఆరోది మొదటిదానిలా ఉండదు. పొద్దున ఏడింటికే మొదలుపెట్టండి, కంట్రోల్, మందు ఇచ్చిన ఎలుకలను ఒకటి విడిచి ఒకటిగా తీసుకోండి. లేకపోతే ఎండ చేసిన తేడా మందు చేసిన తేడాలా కనబడుతుంది.

పోయిన నెల బాగా వచ్చింది, ఇప్పుడు రావడం లేదు: సీసా మీద లాట్ నంబర్ (తయారీ విడత సంఖ్య) మారిందా? ముఖ్యంగా పాలీక్లోనల్ (రకరకాల యాంటీబాడీల మిశ్రమం) అయితే ఒక లాట్‌కు పనిచేసిన పలచన ఇంకో లాట్‌కు పనిచేయకపోవచ్చు. అందుకే ప్రతి బ్లాట్ పక్కన నోట్‌బుక్‌లో కేటలాగ్ నంబర్, లాట్ నంబర్, పలచన, ఆ రోజు గది ఎంత వేడిగా ఉందో రాయండి. నాకు ఫోన్ చేసినప్పుడు ఆ పేజీ తెరిచి పెట్టుకోండి, నేను ముందు అడిగేది అదే.